పీచ్‌ట్రీ వీధిలో వైన్ వేలంపాట

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినవాళ్ళెవరూ మేలిముసుగు రెబెక్కాను చూడకుండా బయటికి రారు. పల్చటి ముసుగు, దాని వెనక సన్నగా కనిపించే మొహం, రెండూ ఒకే పాలరాయి. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ ఆ బొమ్మను ఒక్కసారి చెక్కి ఊరుకోలేదు. కొనేవాళ్ళు ఉన్నకొద్దీ మళ్ళీ మళ్ళీ చెక్కాడు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ నగరంలో కొన్న రెబెక్కా హైదరాబాద్ చేరింది. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1864లో చెక్కిన ఇంకో రెబెక్కా అమెరికాలో, అట్లాంటా నగరంలోని హై మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

బొమ్మ ఒకటే అయినా ఈ రెండు మ్యూజియాల బతుకుతెరువు వేరు. సాలార్‌జంగ్‌ను 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అది కేంద్ర ప్రభుత్వ నిధులతో నడుస్తోంది. హై మ్యూజియానికి అంతటి సర్కారు అండ లేదు. టికెట్లు, సభ్యత్వాలు, పాత దాతలు వదిలివెళ్ళిన మూలధనం మీద వచ్చే రాబడి, ఏటేటా కొత్తగా అడిగి తెచ్చుకునే విరాళాలు, వీటితోనే అది నడవాలి. ఆ విరాళాల కోసం జరిపే వేడుకల్లో పెద్దది ఏటా వసంతకాలంలో జరిగే వైన్ వేలం. 1993లో మొదలైన ఈ వేడుక ఇప్పటిదాకా 3 కోట్ల డాలర్లకు పైగా కూడబెట్టింది. కళల కోసం అమెరికాలో జరిగే వైన్ వేలాల్లో మొదట చెప్పుకునేది దీన్నే.

మ్యూజియం ఏమిటి, వైన్ ఏమిటి, విందు ఏమిటి అని మనకు అనిపించడం సహజం. ఆ ఊరి చరిత్ర కొంచెం తెలిస్తే ఈ మూడూ ఒకచోటికి ఎలా చేరాయో అర్థమవుతుంది.

వైన్ తీసేస్తే పుట్టిన డబ్బు

జాన్ పెంబర్టన్ అట్లాంటాలో మందులు తయారుచేసి అమ్మేవాడు. 1885లో ఆయన అమ్మిన టానిక్కు పేరు ఫ్రెంచ్ వైన్ కోకా. వైన్‌లో కోకా ఆకు సారమూ కోలా గింజల సారమూ కలిపిన మందు అది. అదే ఏడాది నవంబరులో ఫుల్టన్ కౌంటీ ప్రజలు ఓటేసి మద్యనిషేధం తెచ్చుకున్నారు. అట్లాంటా ఉన్నది ఆ కౌంటీలోనే. ఇక వైన్ ఉన్న మందు అమ్మడం కుదరదు. పెంబర్టన్ వైన్ తీసేశాడు, చక్కెర పాకం చేర్చాడు, సోడాతో కలిపి ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1886 మే 8న జేకబ్స్ ఫార్మసీలో గ్లాసు 5 సెంట్ల చొప్పున ఆ పానీయం అమ్మకానికి వచ్చింది. పేరు కోకా-కోలా. దాని మీద కోట్లు గడించింది మాత్రం ఆయన కాదు. 1888లోనే పోయాడు.

1923లో ఆ కంపెనీ పగ్గాలు రాబర్ట్ వుడ్‌రఫ్ చేతికి వచ్చాయి. కోకా-కోలాను దేశదేశాలకు చేర్చిన మనిషి ఆయనే. సొంత ఊరికి చేసిన దానాల్లో మాత్రం చాలావాటికి పేరు బయటపెట్టనివ్వలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన ఆ అజ్ఞాత దాతను మిస్టర్ అనానిమస్ అని పిలుచుకునేవారు. హై మ్యూజియానికి కొత్త భవనం కావలసి వచ్చినప్పుడు ఆయన 75 లక్షల డాలర్లు ఇచ్చి, మిగతాది ఊరు కూడబెట్టాలని షరతు పెట్టారు. ఊరు కూడబెట్టింది. మొత్తం 2 కోట్ల డాలర్లయింది. వైన్ తీసేయడం వల్ల పుట్టిన పానీయం డబ్బు ఈ మ్యూజియం గోడలు లేపింది. ఇప్పుడు ఆ గోడల మధ్య ప్రదర్శనలు జరగడానికి వైన్ డబ్బు తోడవుతోంది. ఇదే జార్జియా రాష్ట్రంలో 2011 దాకా ఆదివారాలు దుకాణాల్లో మద్యం అమ్మడం చట్టవిరుద్ధం. అలాంటిచోట వైన్ పేరుతో మ్యూజియం బహిరంగంగా నిధులు సేకరించి, ఊరి మన్నన పొందిందంటే అందుకు ఈ సంస్థ మీద ఊరికి ఉన్న మమకారమే కారణం. ఆ మమకారం వెనక ఒక పెద్ద దుఃఖం ఉంది.

1905లో అట్లాంటా ఆర్ట్ అసోసియేషన్ పేరుతో ఈ సంస్థ మొదలైంది. 1926లో హై కుటుంబపు ఇల్లాలు పీచ్‌ట్రీ వీధిలోని తన ఇంటిని దానికి రాసిచ్చారు. ఆ ఇంటిపేరే మ్యూజియం పేరయింది. 1962లో అసోసియేషన్ సభ్యులు కళాక్షేత్రాలు చూడటానికి యూరప్ వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో, జూన్ 3న, పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయంలో వాళ్ళెక్కిన ఎయిర్ ఫ్రాన్స్ బోయింగ్ 707 పైకి లేవలేక రన్‌వే దాటి కూలి తగలబడింది. 130 మంది చనిపోయారు. అందులో 106 మంది అట్లాంటా కళాభిమానులు. బతికింది ఇద్దరు విమాన సిబ్బంది మాత్రమే. నగరంలో బొమ్మలు కొనేవాళ్ళు, గీసేవాళ్ళు, నేర్పేవాళ్ళు, చందాలు వేసుకుని చిన్న మ్యూజియాన్ని నిలబెట్టినవాళ్ళు, ఒక తరమంతా ఒక్కరోజులో పోయింది. మేయర్ ఇవాన్ ఆలెన్ స్వయంగా పారిస్ వెళ్ళారు. చనిపోయినవాళ్ళలో ఆయన స్నేహితులున్నారు. ఆ వార్త అచ్చయిన పత్రిక మొదటి పేజీని చూసి ఆండీ వార్హోల్ గీసిన 129 డై ఇన్ జెట్ అనే చిత్రం ఆధునిక కళాచరిత్రలో నిలిచిపోయింది.

ఆ ఏడాదే లూవ్ర్ మ్యూజియం తన దగ్గరున్న విస్లర్స్ మదర్ చిత్రాన్ని ఓదార్పుగా అట్లాంటాకు పంపింది. పోయినవాళ్ళ జ్ఞాపకంగా ఊరు చందాలెత్తి మెమోరియల్ ఆర్ట్స్ సెంటర్ కట్టుకుంది. 1968లో అది తెరిచినప్పుడు ఫ్రాన్స్ ప్రభుత్వం రోడిన్ చేసిన ది షేడ్ అనే కంచు విగ్రహాన్ని కానుకగా ఇచ్చింది. తలవంచుకుని నిలబడ్డ ఆ మనిషి విగ్రహం ఇప్పటికీ అక్కడుంది. మన సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది కూడా 1968లోనే. తర్వాత 2006 నుంచి 2009 దాకా మూడేళ్ళపాటు లూవ్ర్ తన కళాఖండాలను విడతలు విడతలుగా అట్లాంటాకు అరువిచ్చింది. విరాళమంటే ఈ ఊళ్ళో వట్టి దర్జా అనుకోకూడదని నేను అనడం ఇందుకే. చనిపోయినవాళ్ళు మధ్యలో వదిలేసిన పనిని బతికినవాళ్ళు భుజానికెత్తుకున్నారు. ఆ అలవాటు తరాలు దాటి వచ్చింది.

తెల్లటి భవనం

1983లో తెరిచిన భవనాన్ని రిచర్డ్ మయర్ రూపొందించారు. మరుసటి ఏడాదే ఆయనకు వాస్తుశిల్పంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. బయట అంతా పింగాణీ పూత పూసిన తెల్లటి ఉక్కు పలకలు. లోపల పావు వంతు వృత్తంలా వంపు తిరిగిన నాలుగంతస్తుల ఆవరణ, గోడ వెంట మెల్లగా పైకి తీసుకెళ్ళే ఏటవాలు దారి, పైనుంచి ధారగా దిగే వెలుగు. 2005లో ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో మూడు కొత్త భవనాలు చేర్చి స్థలాన్ని రెట్టింపు చేశారు. పియానో కప్పుల మీద వెయ్యి వెలుతురు గూళ్ళున్నాయి. ఎండ నేరుగా బొమ్మల మీద పడకుండా, ఉత్తరం వైపు నుంచి వచ్చే చల్లటి వెలుతురును మాత్రమే అవి లోపలికి వదులుతాయి. మధ్యాహ్నం మబ్బు కమ్మితే గ్యాలరీలో రంగులు మారడం కంటికి తెలుస్తుంది. విద్యుద్దీపాల కింద బొమ్మలు చూడటానికి అలవాటుపడ్డ మనకు ఇది కొత్త అనుభవం.

సేకరణలో యూరప్ పాత చిత్రాలున్నాయి, అమెరికా కుర్చీలూ బల్లలూ ఉన్నాయి, ముంబైలో పుట్టిన అనీష్ కపూర్ చేసిన అద్దంలాంటి ఉక్కు శిల్పం ఉంది. అయితే ఇక్కడ తప్పకుండా చూడవలసినవి బడికెళ్ళి బొమ్మలు నేర్చుకోనివాళ్ళు గీసిన బొమ్మలు. బిల్ ట్రెయిలర్ అలబామాలో బానిసగా పుట్టాడు. ఎనభై దాటాక, మాంట్‌గమరీ నగరంలో వీధి పక్కన కూర్చుని, పారేసిన అట్టముక్కల మీద మనుషులనూ కుక్కలనూ కోళ్ళనూ గీశాడు. ఆ బొమ్మల పెద్ద సేకరణ ఇక్కడుంది. ఇలాంటి కళకోసమే ప్రత్యేకంగా పూర్తికాలపు క్యూరేటర్‌ను 1994లోనే నియమించింది ఈ మ్యూజియం. అమెరికాలో అన్నిరకాల కళలూ చూపించే పెద్ద మ్యూజియాల్లో ఆ పని మొదట చేసింది ఇదే. వైన్ వేలం మొదలైన మరుసటి ఏడాది అది.

పాట ఎలా నడుస్తుంది

వేడుక కొన్ని రోజులపాటు సాగుతుంది. మొదటి సాయంత్రాలు చిన్న విందులు. నగరంలోని పేరున్న రెస్టారెంట్లలోనో, దాతల ఇళ్ళలోనో కొద్దిమంది అతిథులు కూర్చుంటారు. వైన్ తయారుచేసిన మనిషే వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంటాడు. వంట ముందు నిర్ణయించి దానికి తగ్గ వైన్ వెతకడం మామూలు పద్ధతి. ఈ విందుల్లో తిరగేసి చేస్తారు. సీసా ముందు ఎంచుకుని, షెఫ్ దాన్ని రుచి చూసి వంట అల్లుకుంటాడు. వగరున్న ఎర్ర వైన్‌కు కొవ్వున్న మాంసం పెడతారు, ఎందుకంటే ఆ వగరు మాంసంలోని ప్రొటీన్‌కు అంటుకుని నాలుక మీద మెత్తబడుతుంది. పులుపు తేలే తెల్ల వైన్ రొయ్యలకూ చేపలకూ వెళ్తుంది. మిరపకాయ కారం తగిలితే వైన్‌లోని మద్యం ఇంకా మండినట్టుంటుంది. అందుకే మన గుంటూరు కారంతో వండిన కూరల పక్కన వగరు ఎర్ర వైన్ నిలవదు, కాస్త తీపి మిగిలిన రీస్లింగ్ లాంటిదైతే పొసగుతుంది.

జార్జియా వంటలో మనకు తెలిసిన సరుకులు చాలా ఉన్నాయి. మొక్కజొన్న రవ్వ వండి మీద రొయ్యలు వేసే ష్రింప్ అండ్ గ్రిట్స్, వేరుశనగ, తియ్యటి విడేలియా ఉల్లి, వేయించిన బెండకాయ. ఈ బెండకాయ అమెరికాకు చేరింది ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా తెచ్చిన దారిలోనే. ట్రెయిలర్ బొమ్మల వెనకున్న చరిత్రే ఆ గిన్నెలోనూ ఉంది. అట్లాంటా వంటకు బయటి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. మిషెలిన్ గైడ్ ఈ నగరానికి 2023లో గానీ రాలేదు. ఆ మొదటి జాబితాలో ఐదు రెస్టారెంట్లకు ఒక్కో నక్షత్రం దక్కింది. వాటిలో బకనాలియా అనేది మూడు దశాబ్దాలుగా రైతుల దగ్గర నేరుగా కొని వండుతున్న చోటు.

చివరి రోజు పెద్ద వేలం. అమ్మకానికి పెట్టేవి చాలావరకు ఎవరో ఉచితంగా ఇచ్చినవే. నాపా లోయ ద్రాక్షతోటల యజమానులు, సొంత నేలమాళిగల్లో పాత సీసాలు దాచుకున్న సేకర్తలు ఇస్తారు. మామూలు వైన్ సీసా 750 మిల్లీలీటర్లు. ఇలాంటి వేలాలకు 6 లీటర్ల ఇంపీరియల్, 15 లీటర్ల నెబుకద్నెజర్ కూడా వస్తాయి. పెద్ద సీసాకు విలువ ఎక్కువ. వైన్ పరిమాణంతో పోలిస్తే బిరడా గుండా చేరే గాలి తక్కువ కాబట్టి లోపలి వైన్ నిదానంగా పక్వానికొస్తుంది. సీసాలతో పాటు ద్రాక్షతోటలో బస, వైన్ తయారీదారు ఇంట్లో విందు లాంటివీ పాటకు వస్తాయి. కొనేవాళ్ళు నంబరు పలక ఎత్తి పాడతారు. చివర్లో ఏ వస్తువూ అమ్మని పాట ఒకటుంటుంది. పిల్లల కార్యక్రమాల లాంటి ఒక అవసరం చెప్పి, ఇంత ఇచ్చేవారెవరని అడుగుతారు. పలకలు లేస్తాయి. బదులుగా వాళ్ళకు ఏమీ రాదు.

బాలాపూర్ లడ్డూ పాట తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1994లో 450 రూపాయలు పలికిన ఆ లడ్డూ 2024లో 30 లక్షల 1 వెయ్యి పలికింది. 21 కిలోల లడ్డూ సరుకు ఖర్చు ఎంతో పాడేవాడికి తెలుసు. నలుగురి ముందు ఊరికోసం ఇచ్చానన్న తృప్తికీ, ఆ పేరుకూ ఇచ్చే డబ్బు అది. ఆ డబ్బు ఊరి అభివృద్ధికి వెళ్తుందని అందరికీ తెలుసు కాబట్టే పాట పెరుగుతుంది. అట్లాంటాలో లడ్డూ బదులు బర్గండీ సీసా, అంతే. అక్కడ పన్ను లెక్క ఒకటి అదనం. బజారు ధర వెయ్యి డాలర్లున్న సీసాను ఎవరైనా 5 వేలకు పాడితే, పైనున్న 4 వేలనే విరాళంగా చూపించుకోవచ్చు. సరుకు విలువ వేరు, దానం వేరు అని అమెరికా చట్టం గీత గీసింది.

ఈ పద్ధతికి అమ్మమ్మ ఊరు ఫ్రాన్స్‌లోని బోన్. 1443లో నికొలా రొలాఁ అనే మంత్రీ ఆయన భార్య గిగోన్ ద సలాఁ అక్కడ పేదల కోసం ఆసుపత్రి కట్టించారు. తర్వాత తరాలవాళ్ళు ఆ ఆసుపత్రికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఆ తోటల వైన్‌ను 1859 నుంచి ఏటా నవంబరు మూడో ఆదివారం వేలం వేస్తున్నారు, డబ్బు వైద్యానికి వెళ్తుంది. రోగులు మంచం మీంచి చూడాలని రొలాఁ దంపతులు రోగియర్ వాన్ డర్ వెయ్‌డెన్ చేత గీయించిన తీర్పుదినం చిత్రం ఇప్పటికీ ఆ భవనంలోనే ఉంది. వైన్, దానం, చిత్రకళ అప్పుడే ఒక కప్పు కిందికి చేరాయి.

మనసులో ఒక శంక మాత్రం ఉంటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన నేల మనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టి, 1997కల్లా సడలించిన చరిత్ర మనది. మద్యం డబ్బుతో మంచి పని అనగానే మనకు మింగుడు పడదు, పడకూడదు కూడా. పైగా ఇలాంటి విందుల్లో కూర్చునేది స్తోమత ఉన్నవాళ్ళే. డబ్బిచ్చినవాడి అభిరుచి మ్యూజియం గోడ ఎక్కే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల ఈ వేడుకను నేను ఒకే కొలతతో కొలుస్తాను. ఆ డబ్బు వచ్చాక తలుపు ఎవరికి తెరుచుకుంది?

హై మ్యూజియం జవాబు చాలావరకు బాగుంది. ప్రతి నెలా రెండో ఆదివారం ప్రవేశం ఉచితం, పిల్లలకు బొమ్మలు వేయించే కార్యక్రమాలుంటాయి. 2015లో డైరెక్టరుగా వచ్చిన రాండ్ సఫోక్ పెద్దల టికెట్టును 19.50 డాలర్ల నుంచి 14.50కి దించారు. ఇప్పటి ధర మళ్ళీ పెరిగింది గానీ, ఆ నిర్ణయమూ, ప్రదర్శనల ఎంపికలో తెచ్చిన మార్పూ ఫలితమిచ్చాయి. 2015లో సందర్శకుల్లో తెల్లవారు కానివాళ్ళు నూటికి 15 మంది ఉండేవారు. రెండేళ్ళలో అది 45కు పెరిగింది. అట్లాంటా చుట్టుపక్కల జనాభాలో సగం దాకా తెల్లవారు కానివాళ్ళే కాబట్టి, మ్యూజియం తన ఊరిని పోలినట్టు కనిపించడం మొదలైంది. నా తీర్పు ఇక్కడే ఉంది. ఆ ఆదివారాలున్నన్నాళ్ళూ ఆ వేలానికి అర్థముంది.

ఆ ఊళ్ళో మనవాళ్ళు తక్కువేం లేరు. ఆల్ఫరెటా, కమింగ్, జాన్స్ క్రీక్, సువానీల్లో తెలుగు లేని వీధి వెతకాలి. రివర్‌డేల్ వేంకటేశ్వరుడి గుడిని నిలబెట్టుకున్నారు, తామా పేరుతో సంఘం కట్టుకున్నారు, 2024లో ఆటా మహాసభలు జరుపుకున్నారు. కమింగ్ దాటి ఉత్తరానికి పోతే వచ్చే డాలోనెగా కొండలు 2018లో ప్రత్యేక వైన్ ప్రాంతంగా గుర్తింపు పొందాయి, వారాంతం కార్లు అటూ తిరుగుతాయి. మ్యూజియం వైపు తిరగడం అంతకంటే సులభం. నార్త్ స్ప్రింగ్స్ స్టేషనులో కారు ఆపి మార్టా రెడ్ లైన్ ఎక్కితే ఆర్ట్స్ సెంటర్ స్టేషను దగ్గర దింపుతుంది, ఎదురుగా మ్యూజియమే. వైన్ ముట్టనివాళ్ళు వేలానికి పోనక్కర్లేదు. రెండో ఆదివారం పిల్లలను తీసుకెళ్ళి ట్రెయిలర్ కోళ్ళ బొమ్మలు చూపించండి, రెబెక్కా దగ్గర నిలబెట్టి హైదరాబాద్ సంగతి చెప్పండి.

ఇంకో మాట. మన దాతలు పుట్టిన ఊళ్ళో బడి కట్టిస్తారు, గుడికి గోపురం ఎత్తిస్తారు, నీటి శుద్ధి యంత్రం పెట్టిస్తారు. చిత్రశాలకు ఇచ్చేవాళ్ళు అరుదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరిట ఒక చిత్రశాల ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయిన ఆ చిత్రకారుడి బొమ్మలు అక్కడున్నాయి. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు గోదావరి పుష్కరాల రేవుతో పాటు ఆ గుమ్మం కూడా ఎక్కండి. ఆ బొమ్మలు ఇంకో వందేళ్ళు చెక్కుచెదరకుండా ఉండాలంటే ఏం కావాలో అక్కడున్నవాళ్ళను అడగండి, మీ చేతనైనది ఇవ్వండి.